పాడేరు నీటి లెక్క

ఒక పట్టణమునకు మంచినీటి వసతి కల్పించుట గొట్టములు పాతుటతో మొదలగునని లోకులు తలంతురు. నిజమునకు అది ఒక అంకెతో మొదలగును. ఈ యూరికి దినమునకు ఎన్ని లీటర్ల నీరు కావలయునను ప్రశ్నకు ఇంజనీరు కాగితముపై వ్రాయు సమాధానమును బట్టియే ఆనకట్ట యెత్తు, మోటారు బలము, ట్యాంకు పరిమాణము, వీధిగొట్టము లావు నిర్ణయింపబడును. ఆ అంకె తక్కువైనచో ఒక తరమువారు బిందెలు పట్టుకొని వరుసలలో నిలువవలసివచ్చును. ఎక్కువైనచో వాడుకలోనికి రాని కట్టడములకై ఒక తరమువారు అప్పు తీర్చవలసివచ్చును. ఇంత బరువు మోయు అంకెను గూర్చి పత్రికలలోగాని సభలలోగాని చర్చ జరుగుట మిక్కిలి అరుదు. శంకుస్థాపననాడు పూలమాలలతో అందరమును హాజరగుదుము. లెక్క వేసిననాడు ఎవరమును దగ్గర నుండము.

ఈ విషయమును పాడేరును బట్టి విచారించుట యుక్తము. తూర్పుకనుమల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్న యీ యూరు చిరకాలము విశాఖపట్టణము జిల్లా మన్యమునకు కేంద్రముగా నుండెను. పదునొకండు మండలముల వ్యవహారములను చూచు గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయ మిచ్చటనే యున్నది. 2022 వ సంవత్సరము ఏప్రిల్ 4 వ తేదీన అల్లూరి సీతారామరాజు పేర నూతన జిల్లా యేర్పడినప్పుడు పాడేరు దానికి ముఖ్యపట్టణమైనది. 2024 లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరువబడినది. కచేరీలు వచ్చినవి, ఉద్యోగులు వచ్చిరి, వారి వెంట అద్దెయిండ్లు, భోజనశాలలు, దుకాణములు వచ్చినవి. ఊరు పెరిగినంత వేగముగా గెడ్డలలో నీరు పెరుగదు. కావున ఈ పట్టణమునకు ముప్పదియేండ్లు నిలువదగు నీటి యేర్పాటు చేయదలచినవారు ముందుగా లెక్కను సరిచూచుకొనవలయును.

సాధారణముగా ఆ లెక్క యిట్లు కట్టుదురు. జనాభాను తలసరి లీటర్లచే గుణింతురు. గొట్టములలో కారిపోవు భాగమును దానికి కలుపుదురు. ముప్పది సంవత్సరముల పిమ్మట నుండబోవు జనాభాను ఊహించి మరల గుణింతురు. ఈ గుణకారము బడిపిల్లవాడును చేయగలడు. చిక్కంతయు గుణింపబడు అంకెలలో నున్నది. పాడేరు విషయమున జనాభా యనునది మొదటి చిక్కు, తలసరి యనునది రెండవ చిక్కు.

జనాభా సంగతి మొదట చూతము. మనకు నేడు చేతనున్నది 2011 నాటి జనగణన. 2021 లో జరుగవలసినది వాయిదాపడినది. తరువాతి జనగణన 2027 మార్చి 1 వ తేదీ ప్రాతిపదికగా జరుగునని కేంద్రప్రభుత్వము ప్రకటించియున్నది. అనగా ఆ లెక్కలు వెలువడులోపల తయారగు ప్రతి పథకమును, పాడేరు జిల్లాకు ముఖ్యపట్టణమగుటకు పదునొకండేండ్ల పూర్వపు అంకెపై నిలువవలసినదే. గత దశాబ్దముల పెరుగుదలను చూచి రాబోవు దశాబ్దములను ఊహించుట గ్రంథములు చెప్పిన పద్ధతి. కాని ఆ పద్ధతి ఊరు మునుపటివలెనే నడచునని భావించును. సంతయూరు జిల్లాకేంద్రమగుటతో ఆ భావన చెడినది. ఇట్టి చోట ఇంటింటికి తిరిగి క్రొత్తగా లెక్కించుటకంటె వేరు మార్గము లేదు. పంచాయతీ సిబ్బందియు, కళాశాల విద్యార్థులును కలసి పూనుకొన్నచో అది కొలది వారములలో ముగియదగిన పని.

తలసరి సంగతి మరింత చిక్కైనది. ఒకే మనిషికి ఎన్ని లీటర్లు కావలయునను ప్రశ్నకు మన దేశమున ఒక్క సమాధానము లేదు. 2019 లో ప్రారంభింపబడిన జలజీవన్ మిషన్ గ్రామీణునకు దినమునకు 55 లీటర్లు నిర్ణయించినది. అంతకు పూర్వము గ్రామములకు 40 లీటర్లే పరిమాణముగా నుండెడిది. కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు శాఖవారు 1999 లో ప్రకటించిన మార్గదర్శక గ్రంథము ప్రకారము, కొళాయిలుండి భూగర్భ మురుగుకాలువలు లేని పట్టణమునకు 70 లీటర్లు; మురుగుకాలువలు కూడ నున్న పట్టణమునకు 135 లీటర్లు; మహానగరములకు 150 లీటర్లు. పదివేలమంది జనులనుకొందము. గ్రామమని యెంచినచో వారికి దినమునకు 5 లక్షల 50 వేల లీటర్లు చాలును. మురుగుకాలువలు లేని పట్టణమని యెంచినచో 7 లక్షలు. ఉన్న పట్టణమని యెంచినచో 13 లక్షల 50 వేలు. మనుష్యులు వారే, గొంతులు అవే, వంటపాత్రలు అవే. ఊరిపై వ్రాసిన పేరు మారినంతమాత్రముననే నీరు రెండున్నర రెట్లు మారుచున్నది.

పాడేరు ఈ పేర్లలో దేనిక్రిందికి వచ్చును? ఇచ్చట రాజ్యాంగశాస్త్రము ఇంజనీరు లెక్కలో ప్రవేశించుచున్నది. పురపాలక సంఘములను గూర్చిన రాజ్యాంగభాగము 1993 జూన్ 1 వ తేదీన అమలులోనికి వచ్చినది. అందలి 243 జడ్ సి అధికరణము ప్రకారము ఆ భాగము షెడ్యూల్డు ప్రాంతములకు వర్తింపదు. పార్లమెంటు ప్రత్యేకముగా చట్టము చేసి విస్తరింపవలయును. అందుచేత పాడేరు జిల్లాకు ముఖ్యపట్టణమైనను శాసనదృష్టిలో పంచాయతీయే. గిరిజనుల భూములకును హక్కులకును కంచెగా నున్న ఏర్పాట్లను సడలింపుడని మేము కోరుటలేదు. ఆ కంచె యుండవలసినదే. కాని గ్రామమను పేరు చూచి నీటిని గూడ గ్రామపు కొలతతో కొలుచుట న్యాయముకాదు. ఆసుపత్రిని, వసతిగృహములను, మూడంతస్తుల మేడలను నింపుకొన్న యూరికి 55 లీటర్ల లెక్క కట్టినచో, ఆ కొరతను మొదట అనుభవించువారు మేడలవారు కారు. వారు మోటారు పెట్టుకొందురు, లారీనీరు కొందురు. ఊరి యంచున కొండవాలున నున్న పేదవాడలవారే ఎండిన కొళాయి యెదుట నిలుతురు.

ఇక మూడవ సంగతి. రాత్రి ఎచ్చట నిద్రించునో అచ్చట మనిషిని లెక్కించుట జనగణన పద్ధతి. నీటి లెక్కకు పగలు ఎచ్చట త్రాగునో అదియు కావలయును. పాడేరు పగటి యూరు. కలెక్టరు కచేరికి అర్జీలు పట్టుకొని వచ్చువారు, ఆసుపత్రికి వచ్చు రోగులు, వారి వెంటనుండు బంధువులు, ఆశ్రమపాఠశాలల పిల్లలు, బస్సులకై వేచియుండువారు ఊరి జనాభాలో చేరరు గాని ఊరి నీటిని వాడుదురు. పైన చెప్పిన గ్రంథమే ఇందుకు ప్రత్యేకముగా అంకెలు సూచించినది. నూరు పడకలకు మించిన ఆసుపత్రికి పడకకు 450 లీటర్లు. వసతిగృహమున విద్యార్థికి 135. పగటిబడిలో విద్యార్థికి 45. కచేరిలో ఉద్యోగికి 45. హోటలులో పడకకు 180. మూడువందల పడకల ఆసుపత్రి యొక్కటి దినమునకు 1 లక్ష 35 వేల లీటర్లు కోరును. అది పట్టణపు కొలతతో వేయిమంది వాడుక. గ్రామపు కొలతతో దాదాపు రెండువేల నాలుగువందల యేబదిమంది వాడుక. దీనిని విడిగా చేర్చని లెక్కలో, ఆసుపత్రికి ఇచ్చిన ప్రతి బిందెయు ఏదో ఒక వీధినుండి తీసినదే యగును.

మన్యములో జనసంఖ్య వారముతోను ఋతువుతోను మారుచుండును. సంతనాడు చుట్టుప్రక్కల గూడెములనుండి పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు మోసికొని వేలమంది దిగుదురు. వేసవిలో మోదకొండమ్మవారి జాతరకు మైదానమునుండియు, ఒడిస్సా సరిహద్దు గ్రామములనుండియు భక్తులు తండోపతండములుగా వత్తురు. గెడ్డలు మిక్కిలి సన్నగిల్లు ఋతువుననే జనము మిక్కిలి కూడుట గమనింపదగినది. శీతకాలమున వంజంగి కొండపై మబ్బులను చూచుటకు యాత్రికులు తెల్లవారకముందే బారులు తీరుదురు. వారికి బసలు కావలయును. ఆ మాసములలోనే కాఫీపండ్లను తొక్కతీసి కడుగుటకు నీరు కావలయును. సంవత్సరపు సగటును చూచి కట్టిన ట్యాంకు సంవత్సరములో సగము దినములు చాలును. తక్కిన దినములు చాలదు. కావున సగటు దినమును గాక, వేసవిలో అత్యధికముగా జనము కూడు దినమును గుర్తించి, ఆ దినమునకు కావలసిన నీటిని నిలువచేయు ఏర్పాటు ప్రత్యేకముగా చూపవలయును.

ఇప్పుడెంత వాడుచున్నారో కొలిచి దానినే అవసరముగా వ్రాయుట మరియొక ప్రమాదము. పిండికొలది రొట్టె యను సామెత నీటికిని చెల్లును. ఊటకు అరమైలు నడచి, బిందె తలపై పెట్టుకొని మెట్టయెక్కు ఇల్లాలు రోజుకు నాలుగు బిందెలకంటె తేలేదు. ఆమె యింట స్నానము తగ్గును, బట్టలుతుకుట తగ్గును, పిల్లవాడు చేతులు కడుగుకొనుట తగ్గును. అది ఆ యింటి కోరిక గాదు, ఆమె మెడయెముక యొక్క శక్తి. కొళాయి గడపలోనికి వచ్చిననాడు వాడుక సహజముగా పెరుగును. ఆ పెరుగుదలను దుబారాయని నిందింపరాదు. అన్నాళ్లు అణగియున్న అవసరము బయటపడినదని గ్రహింపవలయును. కొరతకాలపు కొలతను ఆధారముచేసికొన్న పథకము ఆ కొరతనే ముప్పదియేండ్లు శాశ్వతము చేయును.

భవిష్యత్తును ఊహించుటలో ఎంతటివారును పొరబడుదురనుటకు చెన్నపట్టణమే దృష్టాంతము. ఆ నగరమునకు 1872 లో ఎఱ్ఱకొండల చెరువునుండి నీరు తెచ్చిరి. 1914 లో కిల్పాకున వడపోత యేర్పాట్లు పూర్తిచేసిరి. నాటి ఇంజనీరులు 1961 నాటికి నగరజనాభా సుమారు 6 లక్షల 60 వేలగునని యెంచిరి. వారు అజాగ్రత్తపరులు కారు. దాదాపు అర్ధశతాబ్దము ముందునకు చూచినవారు. అయినను 1961 లో జనాభా 17 లక్షలు దాటినది. మధ్య జరిగిన మార్పులు ఏ లెక్కలోను ముందుగా కనబడవు. పాడేరునకును అట్టిదే. దశాబ్దమునకు నూటికి ఇరువది చొప్పున పెరిగినచో నేటి పదివేలమంది ముప్పదియేండ్లకు 17,280 అగుదురు. నూటికి నలుబది చొప్పున నైనచో 27,440 అగుదురు. ఊహలో చిన్న భేదము ఫలితములో పదివేలమంది భేదమైనది.

అట్లని పెద్ద అంకె వ్రాసి నిశ్చింతగా కూర్చుండుటయు తెలివికాదు. అవసరమునకు మించి లావైన గొట్టములో నీరు మెల్లగా సాగును, నిలువయుండి పాడగును, అందు కలిపిన క్లోరిను చివరియిల్లు చేరకముందే హరించును. పెద్ద మోటారునకు కరెంటు బిల్లు నెలనెల వచ్చును. పంచాయతీ ఆ బిల్లు చెల్లింపలేని దినమున మోటారు ఆగును, అంతటితో పథకము పండుకొనును. ఇందుకు పెద్దలు చెప్పిన ఉపాయము మధ్యేమార్గము. మార్చుటకు కష్టమైన హెడ్డువర్క్సును ముప్పదియేండ్లకు కట్టుడు. మోటారులను పదునైదేండ్లకే పెట్టుడు. ట్యాంకుల స్థలములను ఇప్పుడే సేకరించి, కట్టడములను విడతలుగా కట్టుడు. ప్రతి యైదేండ్లకు ఒకమారు వాడుకను కొలిచి, లెక్కను దిద్దుకొనుడు. ఊహ తప్పిన దినమున దిద్దుకొనుటకు వీలుండునట్లు కట్టిన పథకమే మంచి పథకము.

అవసరము లెక్కలో కారుడును చేరియున్నదని మరువరాదు. దారిలో పోవు నీరు నూటికి పదునైదుకు మించరాదని గ్రంథమర్యాద. పదివేలమందికి 135 చొప్పున 13 లక్షల 50 వేల లీటర్లు ఇండ్లకు చేరవలెననిన, నూటికి పదునైదు పోయినచో దాదాపు 15 లక్షల 90 వేలు పంపవలయును. నూటికి నలుబది పోయినచో 22 లక్షల 50 వేలు పంపవలయును. ఈ భేదము సుమారు 6 లక్షల 60 వేల లీటర్లు. ఇది పదివేలమంది గ్రామీణులకు జలజీవన్ మిషన్ కొలతతో ఇచ్చు మొత్తపు నీటికంటె ఎక్కువ. క్రొత్త గెడ్డకు అడ్డుకట్ట వేయుటకు ముందు పాత గొట్టము అతుకులు చూచుకొనుట చౌకయని దీనివలన తెలియుచున్నది. ఇది క్రొత్త విద్యయు కాదు. క్రీస్తుశకము 97 లో రోమునగరపు నీటి కాలువల అధికారిగా నియమింపబడిన ఫ్రాంటినస్ అనునతడు తన పదవీబాధ్యత తెలిసికొనుటకై మొట్టమొదట కాలువల తలకడ నీటిని కొలిపించెను. దస్తావేజులలోని అంకెలతో సరిపోల్చెను. తలకడ చేరు నీరు దస్తావేజులలో చూపినదానికంటె ఎక్కువగా నుండుట గని, దొంగగొట్టములను, సిబ్బంది మోసములను వెలికిదీసెను. రెండువేల యేండ్లకు సమీపించుచున్నను, మన పట్టణములు పెక్కింట తలకడ ఎంత, వీధికడ ఎంత యని కొలుచు మీటరు లేదు. కొలత లేనిచోట కొరతయని చెప్పుట సులభము. కొరత యెచ్చటిదో చెప్పుట కష్టము.

నీరు ఎన్ని గంటలు విడుతురను ప్రశ్నయు లెక్కలోనిదే. ఇరువదినాలుగు గంటలు విడిచినచో, జనులు ఉదయమున ఒక్కసారిగా వాడుకొను తాకిడికై, ఏబదివేలలోపు జనాభాగల యూళ్లకు సగటు ప్రవాహమునకు మూడురెట్లు పట్టు గొట్టములు వేయుదురు. దినమునకు రెండు గంటలే విడిచినచో, దినము మొత్తపు నీరు రెండు గంటలలో పోవలెను. అనగా గొట్టము సగటునకు పన్నెండురెట్లు మోయవలెను. కాగితముపై ఒకరీతిగా వ్రాసి, నడకలో మరియొకరీతిగా విడుచుటవలననే వీధి మొదట ధార, వీధి చివర చుక్క. నీరు విడువని గంటలలో ఖాళీయైన గొట్టము ప్రక్కనున్న మురుగును లోనికి పీల్చుకొనును. 2024 లో వెలువడిన నూతన మార్గదర్శక గ్రంథము రేయింబవళ్లు నీరుండు కొళాయిలను లక్ష్యముగా పెట్టుకొన్నది ఇందుకే.

పాడేరు కొండయూరగుటచే దీనికి ఎత్తుపల్లముల లెక్కయు తోడగును. నీరు పల్లమెరుగునందురు. ఒక్క ట్యాంకునుండి ఒక్క గొట్టముతో అన్ని వాడలకు విడిచినచో, పల్లపు బజారులో కొళాయి పగులగొట్టునంత ఒత్తిడి యుండును, మెట్టవాడలో గాలి కూతలిడును. ఒక్క అంతస్తు ఇంటికి కనీసము 7 మీటర్ల ఒత్తిడియు, రెండంతస్తులకు 12 మీటర్ల ఒత్తిడియు ఉండవలెనని 1999 నాటి గ్రంథపు నియమము. ఊరిని ఎత్తునుబట్టి భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు వేరు ట్యాంకు, వేరు లెక్క యుండనిది ఈ నియమము నెరవేరదు. మొత్తముమీద చాలునని చెప్పు అంకె ఏ వాడకు చాలునో చెప్పదు.

ఇంతవరకు కోరికను గూర్చి చెప్పితిమి. ఆ కోరిక తీర్చు నీరెచ్చటిది? మన్యమునకు వానలకు లోటులేదు. తొలకరినుండి ఆశ్వయుజమువరకు గెడ్డలు పొంగును. కాని వాలుకొండలపై పడిన వాన నిలువదు. చైత్రవైశాఖములకు ఊటలు చెలమలగును. పథకములకు నీటికొలత వర్షకాలమున తీసినచో ఏ గెడ్డయైనను చాలుననిపించును. ఏప్రిలు మే నెలలలో కొలువవలయును. అందుకు గొప్ప యంత్రములు అక్కరలేదు. ఇరువది లీటర్ల డబ్బా నలుబది సెకనులలో నిండిన ఊట దినమునకు 43,200 లీటర్లిచ్చును. గ్రామపు కొలతతో ఏడువందల యెనుబదిమందికి చాలును. అదే ఊట వేసవిలో ఆ డబ్బాను నింపుటకు నూట అరువది సెకనులు పట్టినచో 10,800 లీటర్లే యిచ్చును, రెండువందలమందికిని చాలదు. ఊటప్రక్క గూడెపు యువకు డొకడు వారమునకొకసారి ఇట్లు కొలిచి, మూడు వేసవులు పుస్తకమున వ్రాసినచో, అది నగరమునుండి వచ్చిన అంచనాకంటె విలువైన దస్తావేజగును.

ఆ ఊట మీద ఇదివరకే బ్రదుకుచున్నవారి సంగతి ఈ లెక్కలో ముఖ్యభాగము. కొండమీది గెడ్డకు అడ్డుకట్ట కట్టి గొట్టముతో పట్టణమునకు దించునప్పుడు, ఆ గెడ్డ దిగువనున్న గూడెముల మనుష్యులు, పశువులు, పల్లపు వరిమళ్లు ఏమగునని ముందుగా వ్రాయవలయును. ఈ విషయమున మన్యమునకు చేదు అనుభవము కలదు. ఈ కొండలలో పుట్టిన మత్స్యగెడ్డ మాచఖండ్‌నదియై, 1955 మొదలు విద్యుచ్ఛక్తి నిచ్చుచున్నది. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని తాటిపూడి జలాశయమున నిలిచి విశాఖపట్టణము దాహము తీర్చుచున్నది. శారదానదిపై రైవాడ నీరును ఆ నగరమునకే పోవుచున్నది. ఆ నీరు తమ పొలములకు దక్కవలెనని ఆయకట్టు రైతులు చిరకాలముగా మొరపెట్టుకొనుచున్నారు. నగరమునకు నీరు వలదని యెవరనగలరు? కాని నీరు పుట్టిన కొండవాలున ఇల్లాలు చెలమ తోడుకొనుచుండుట అందరికిని సిగ్గుచేటు. మైదానము మన్యమునకు చేసిన యన్యాయమును, పాడేరు పట్టణము తన చుట్టుగల గూడెములకు చేయరాదు. గూడెములకు కావలసిన నీటిని ముందుగా తీసివేసి, మిగిలినదే పట్టణమునకు దొరకు నీరని వ్రాయవలెను. మొదట పట్టణపు కోరిక వ్రాసి, మిగిలినచో గూడెమునకనుట లెక్కను తలక్రిందులుగా కట్టుట.

వచ్చిన నీరు పోవు దారియు చూపవలయును. ఇండ్లలో వాడిన నీటిలో దాదాపు నూటికి ఎనుబది పాళ్లు మురుగై బయటికి వచ్చునని ఇంజనీరుల యంచనా. 13 లక్షల 50 వేల లీటర్లు లోనికి వచ్చినచో, 10 లక్షల 80 వేల లీటర్ల మురుగు వెలుపలికి పోవలెను. కాలువలు లేనిదే 135 లీటర్లు తెచ్చుట పట్టణమునకు స్నానము, దిగువ గూడెమునకు రోగము. కావున కొళాయికి తొలిరూకను మంజూరుచేయునాడే మురుగుకాలువకును రూకలు మంజూరుకావలయును.

ఈ నిర్ణయములు ఎవరు చేయవలయును? 1996 నాటి పీసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో చిన్న జలవనరుల యోజనను, నిర్వహణను తగిన స్థాయి పంచాయతీలకు అప్పగింపవలెనని శాసించినది. ఆ హక్కు ఆనకట్ట పూర్తియైన పిమ్మట సంతకము పెట్టించుకొనుటకు కాదు. అంకె వ్రాయునాడు అడుగుటకు. కాబట్టి పథకము టెండరులకు పోవుటకు పూర్వమే ఒక చిన్న పుస్తకము తెలుగున అచ్చువేసి గ్రామసభల యెదుట నుంచవలయును. అందు రాత్రి జనాభా, పగటి జనాభా, ఎంచుకొన్న తలసరి కొలత, దానికి కారణము, ఆసుపత్రి, వసతిగృహములు, సంత, జాతర వాడుక, నేటి కారుడు, ఎత్తునుబట్టి వాడవాడకు అందు నీరు, మూడు వేసవుల ఊటకొలతలు, దిగువ గూడెములకు విడిచిన భాగము, మురుగు పోవు దారి, ఏటేటి ఖర్చు ఎవరు భరింతురు అనునవి స్పష్టముగా నుండవలయును. అడవిబిడ్డలకు లెక్కలేమి తెలియునని పెదవి విరుచువారు కొందరుందురు. ఏ ఊట ఏ నెలలో ఇంకునో, ఏ గెడ్డ ఏ యేట ఎండెనో చెప్పగలవారు వారు తప్ప వేరెవరు?

పట్టణములలోని మన చదువరులును, పల్లపు భూస్వాములును ఈ విషయము తమది కాదని యనుకొనరాదు. పాడేరునకు నేడు వచ్చిన ప్రశ్న, పంచాయతీగా నుండి పట్టణముగా పెరుగుచున్న ప్రతి తెలుగు ఊరికిని వచ్చునదే. ఎచ్చట పథకము వచ్చినను రూపాయలెన్ని యని అడుగుట మనకు అలవాటైనది. ఇకమీదట లీటర్లెన్ని, ఎవరికి, ఏ నెలలో, ఎవరి గెడ్డనుండి యని అడుగుట నేర్చుకొనవలయును. సభ్యులు చట్టసభలలో ఆ ప్రశ్న వేయవలయును. ఇంజనీరులు వెరపులేక సమాధానము చెప్పవలయును. పాడేరు అంకె ఇంకను కాగితము మీదనే దిద్దదగియున్నది. గొట్టము పాతిన పిమ్మట దిద్దుట దుష్కరము.